మౌలాలి కొన్న కత్తెర

మౌలాలికి వచ్చిన చిక్కు చెప్పుకుంటే నవ్వొచ్చేంత చిన్నది. కాలినడక ప్రయాణంలో వెంట ఉంచుకోవడానికి ఒక కత్తెర కొనాలి. అంతే. ఆ పని నెత్తిన పడ్డప్పటి నుంచి అతనికి తిండి సయించడం లేదు.

కత్తెరల సంగతి తెలియనివాడైతే మొదటి అంగట్లోనే ఏదో ఒకటి కొని సంచిలో వేసుకునేవాడు. మౌలాలికి తెలుసు, అదే వచ్చిన తంటా. నంద్యాలలో దర్జీగా మంచి పేరు తెచ్చుకుని, ఉన్నట్టుండి ఒకరోజు మిషను తమ్ముడికి అప్పగించి, మదార్ తాత దగ్గర ఉండిపోతానని పాలకొట్టాలకు వచ్చినవాడు అతను. వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

మదార్ తాత దూదేకుల ఇంట పుట్టాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకాడు, పరుపులు కుట్టాడు, బొంతలు కుట్టాడు. తన గురువు కాలం చేశాక ఊరి బయట ఆయన కొట్టంలోనే దీపం పెట్టుకుని ఉండిపోయాడు. సాయిబులకూ తాతే, కాపులకూ తాతే. ఇప్పుడు రెండు కళ్లకూ పూత పడింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గాని ఎవరైందీ ఆనదు.

ఆయన దగ్గర పాఠాలంటూ ఏమీ ఉండవు. దేవుడు ఎక్కడున్నాడని అడగడానికి వచ్చినవాళ్ల ముందు వేరుశనక్కాయల చాట పెట్టేవాడు. వాళ్లు ఒలిచి వెళ్లిపోయేవాళ్లు. కొందరు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. మళ్లీ వచ్చినవాళ్లు మళ్లీ ఒలిచేవాళ్లు.

ఏటా ఉరుసుకు ముందు తాత తెల్లగుట్ట దర్గాకు నడిచి వెళతాడు. ఆ గుట్ట మీద పీరయ్య సమాధికి పచ్చ పట్టు చాదరు కప్పరు. దారి పొడుగునా ఇంటింటా అడిగి తెచ్చిన తెల్లగుడ్డ ముక్కలతో కుట్టిన చాదరే కప్పుతారు. ఉతికిన పంచె కొసో, పాత దిండు గలీబో, ఎవరింట్లో ఏది ఉంటే అది. పగలు అడగడం, పొద్దు వాలాక బస చేసిన చోట కుట్టడం. అడుగున ఒక పాత పంచె పరిచి, దాని మీద బొంతకు అతుకులు వేసినట్టు ముక్క పక్కన ముక్క కుట్టుకుంటూ పోవాలి. గుట్ట చేరేసరికి చాదరు నిండాలి.

దానికొక కట్టుబాటు ఉంది. గుడ్డ ఇచ్చేవాళ్లే తమ చేత్తో కోసి ఇవ్వాలి. కుట్టేవాడు ఆ కోతను సరిచేయకూడదు. వంకరగా ఉంటే వంకరగానే కుట్టాలి.

ఎందుకని మౌలాలి అడగలేదు. పెద్దవాళ్ల కట్టుబాట్లకు కారణం ఉంటుందని అతనికి తోచలేదు.

ఇన్నాళ్లూ ఆ పని తాత పరుపులు కుట్టే కాలం నాటి ఇనుప కత్తెరతో జరిగింది. మోచేతి పొడుగున నల్లగా, ఎద్దు గిట్ట బరువున ఉండేది. వేళ్లు పెట్టే రింగుల్లో పిడికిలి మొత్తం దూరేది. పోయిన ఏడాది దారిలోనే దాని సీల అరిగి రెండు ముక్కలుగా ఊడిపోయింది. కమ్మరి చూసి ఇక దాని జోలికి పోవద్దన్నాడు.

"ఈసారి నువ్వే ఒకటి చూసి తీసుకో నాయనా," అన్నాడు తాత. "సంచిలో పట్టాల. దారిలో పనికి రావాల."

ఆ మాటతో మౌలాలి గుండె ఉప్పొంగింది. సంచి మోసేవాడే తాత తరవాత ఈ దారి నడిపించేవాడని ఊళ్లో అందరూ అంటారు. ఇది తనకు పెట్టిన పరీక్ష అనుకున్నాడు. దర్జీకి కత్తెర పరీక్ష పెడితే ఓడిపోతాడా?

నంద్యాల పోయి బజారంతా కాళ్లరిగేలా తిరిగాడు. మడిచే కత్తెర ఒకటి ముద్దుగా కనిపించింది, అగ్గిపెట్టెలో కూడా పట్టేస్తుంది. రెండు మడతల గుడ్డ పెట్టి చూస్తే కొయ్యలేదు, నమిలింది. మంగళ్లు వాడేది సన్నగా పొడుగ్గా ఉంది, గుడ్డ దాని మధ్యలోంచి జారిపోతోంది. మిషను పక్కన పెట్టుకునే చిన్నది దారాలు తెంపడానికి తప్ప దేనికీ పనికిరాదు. జరీ పనివాళ్ల కత్తెర బహు పదును, కానీ దాని ముక్కు సూదిలా ఉంది. సంచిని పొడిచి, సంచి మోసేవాడి నడుమునూ పొడుస్తుంది.

అంగడి ముసలాయన ఓపిక గలవాడు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. మౌలాలి తన తువ్వాలు తడిపి కోసి చూశాడు, మడతపెట్టి కోసి చూశాడు, ఒంటి దారం మీద ముక్కు కొస పెట్టి చూశాడు. తువ్వాలు పీలికలైపోయింది. అంగడాయనకు తల ప్రాణం తోకకొచ్చి, ఇంతకీ ఎవరు వాడడానికి అని అడిగాడు. ఇంకెవరు, నేనే అన్నాడు మౌలాలి.

చివరికి దొరికింది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. పొట్టిగా, గట్టిగా, ముక్కు మొద్దుగా ఉండి, కొస దాకా ఒక్కలా తెగుతోంది. రింగులు అతని బొటనవేలికీ నడిమివేలికీ కొలత తీసి పోసినట్టున్నాయి. దానికి తనే తోలుతో చిన్న ఒర కుట్టాడు, తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. దారిలో పోగొట్టుకునే భయం కూడా లేదు.

తెచ్చి తాత చేతిలో పెట్టాడు. తాత దాన్ని అటూ ఇటూ తడిమాడు. రింగులో బొటనవేలు పెట్టబోయాడు, గోరు దాకా పోయి ఆగిపోయింది.

"బాగుంది," అన్నాడు. "నీ చేతికి అతికినట్టు ఉండాది."

మౌలాలి దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు.

శనగ చేలు పూత మీద ఉండగా ఇద్దరూ బయలుదేరారు. తాత ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చెయ్యి మౌలాలి భుజం మీద వేసి నడిచేవాడు. ఊళ్లోకి పోగానే రచ్చ అరుగు మీదో, ఎవరి పంచలోనో తాత కూర్చునేవాడు. మౌలాలి ఇంటింటికీ పోయి గుడ్డ అడిగేవాడు.

మొదటి రెండు ఊళ్లలో పని సాఫీగానే సాగింది. అక్కడ కాస్త ఉన్నవాళ్లు ఎక్కువ, ఎవరి కత్తెర వాళ్లింట్లోనే ఉంది. వంకరటింకర ముక్కలు వచ్చాయి. మౌలాలి వాటిని ఉన్నవి ఉన్నట్టే కుట్టాడు గాని దర్జీ ప్రాణం కదా, లోపల విలవిల్లాడింది. ఒకాయన కోసిన ముక్క చూస్తే గుడ్డను మేక కొరికిందేమో అనిపించింది.

ఆ తరవాత వచ్చింది గనిగడ్డ. నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్ల ఊరు. ఇళ్లూ గోడలూ కంచెలూ అన్నీ రాళ్లే, కత్తెర మాత్రం ఏ ఇంట్లోనూ లేదు. మొదటి ఇంటి వాకిట్లో సుంకమ్మ అనే పెద్దామె ఏటా లాగే ఉతికి మడతపెట్టిన గుడ్డతో, ఈసారి ఒక పంచెతో, అప్పటికే కాచుకుని కూర్చుంది. ఆమె వెనక గడపలో నిండు చూలాలు, ఆమె కూతురు, గోడకు ఆనుకుని ఉంది.

సుంకమ్మ మౌలాలిని కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ పంచె పోయిన మొగుడిది. కూతురికి ఇంతకు ముందు కాన్పులు చేతికి రాలేదు, పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోయింది. ఈసారన్నా నిలవాలని తాత చేత పీరయ్యకు చెప్పించుకోవాలి.

"నేను పోయి నోరు తెరిచి చెప్పుకునే పనిల్యా నాయనా," అంది. "నా గుడ్డ తాత చేతికి పోతే సాలు. ఆయప్పకు తెలుస్తాది."

మౌలాలి మెడలోంచి కత్తెర తీసి ఇచ్చాడు. సుంకమ్మ దాన్ని చూసి బొమ్మలా ఉందని మురిసింది. ఏళ్ల తరబడి రాళ్లెత్తిన చేతులు ఆమెవి, కణుపులు వాచి వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. బొటనవేలు రింగులో పట్టలేదు. చిటికెన వేలు పెట్టి చూసింది. రెండు చేతులతో రెండు రింగులూ పట్టుకుని లాగి చూసింది, గుడ్డ కింద పడిపోయింది. కూతురు నవ్వింది, ఆమే నవ్వింది. పక్క ఇళ్లవాళ్లు కూడా గుడ్డలు పట్టుకుని వచ్చి వెనక నిలబడ్డారు.

"ఉండు నాయనా, ఎట్లనో ఒకట్ల కోస్తా," అంది సుంకమ్మ.

మౌలాలికి జాలేసింది. నిజంగానే జాలి. ఎండ ఎక్కుతోంది, వెనక జనం ఉన్నారు, పెద్దామె అవస్థ పడుతోంది. వద్దులే అవ్వా అని కత్తెర తీసుకుని, పంచె కొస పట్టుకుని, చూపుతోనే గీత గీసినట్టు చక్కగా నలుచదరం ముక్క కోసేశాడు. రెండు నిమిషాల పని.

సుంకమ్మ చెయ్యి ఇంకా ముందుకు చాచే ఉంది. ఆ ముక్క వైపు చూసింది, ఏదో అనబోయి మానుకుంది. పెద్దాయన మనిషి కోశాడు కదా, అదీ మంచిదే అనుకుని ఉంటుంది.

సాయంత్రం బసలో మౌలాలి ఆ ముక్కను కుడుతుంటే, తాత గోడకు చేరగిలబడి సూది చప్పుడు వింటున్నాడు.

"సుంకమ్మ కోసిందా?" అని అడిగాడు.

"అయిపోయింది తాతా," అన్నాడు మౌలాలి.

అబద్ధం ఆడలేదని మౌలాలి తనకు తాను చెప్పుకున్నాడు గాని, దారం సూదిలోకి ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.

ఒకసారి దాటిన కట్టు రెండోసారి అడ్డం రాదు. గనిగడ్డలో మిగతా ఇళ్లకూ అతనే కోశాడు. తరవాతి ఊళ్లో మొదటే అడిగేశాడు, నేను కొయ్యనా అని. ఎవరు కాదంటారు? పొలం పనుల వేళ్లు, రోకటి వేళ్లు, ఆ రింగుల్లో పట్టేవి కావు. వేళ్లు సన్నగా ఉన్న ఆడపిల్లలకు కూడా ఇక కత్తెర ఇవ్వడం మానేశాడు. వాళ్లు వంకర కోస్తారు. తను కోస్తే ముక్క పక్కన ముక్క గోడ కట్టినట్టు కూర్చుంటుంది.

చాదరు పెరిగేకొద్దీ అతని గుండె నిండిపోయేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అడిగి తెచ్చిన గుడ్డలా లేదు, పట్నంలో కొన్నట్టుందన్నారు. పోయిన ఏళ్ల చాదర్లు గతుకుల దారిలా ఉండేవని ఒకాయన అన్నాడు. తాత చూడలేడే అని మౌలాలికి బాధ కూడా వేసింది. చూడగలిగితే ఏమంటాడో అని చాలాసార్లు ఊహించుకున్నాడు.

ఉరుసు గంధానికి ముందురోజు మధ్యాహ్నం గుట్ట కిందికి చేరారు. పైకి ఎక్కేముందు అక్కడ ఆగడం ఆనవాయితీ. దారిలోని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అప్పటికే చేరి ఉన్నారు. దర్గా చూసుకునే ముజావరు కూడా దిగి వచ్చాడు. ఊదు వేశారు. తాత కాళ్లు చాపుకుని కూర్చుని, చాదరు మొదటి కొసను ఒళ్లోకి తీసుకున్నాడు. చుట్టూ జనం చేతులు చాచి కూర్చున్నారు.

ఏం జరగబోతోందో మౌలాలికి తెలియదు. ఇదే అతనికి మొదటి నడక.

తాత చూపుడువేలు మొదటి ముక్క అంచు మీద పెట్టి మెల్లగా నడిపాడు. అంచు వంకర తిరిగిన చోట వేలూ వంకర తిరిగింది.

"ఈరన్న," అన్నాడు. "తాగుడు మాన్లేదు వీడు, చెయ్యి ఎట్ల వణికిందో చూడండి. యా అల్లా, వీనికి బుద్ధియ్యి. వీని పెండ్లానికి ఓపికియ్యి."

జనం నవ్వారు. వేలు రెండో ముక్క మీదికి పోయింది. అది మంగలి నాగులుదని, ఎడమచేత్తో కోస్తాడు కాబట్టి కోత అటు వాలుతుందని చెప్పి, అతని కొడుకు ఉద్యోగం కోసం అడిగాడు. మూడోది కిష్టవ్వది. ఆమె ముక్క ఏడాదికేడాది చిన్నదైపోతోందని గొణిగి, ఆమె మోకాళ్ల నొప్పులు తగ్గించమన్నాడు. ఒక ముక్క దగ్గర వేలు ఆగింది, వెనక్కి వచ్చి మళ్లీ పోయింది. మధ్యలో భయపడి ఆపి మళ్లీ కోసిన చెయ్యి ఇది, కొత్త కోడలై ఉంటుంది, ఆమెకు పుట్టింటి మీద బెంగ తగ్గాలి అన్నాడు. వెనక ఎవరో ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మౌలాలికి అప్పుడు తెలిసింది. తాత చదువుతున్నాడు. కళ్లు లేని మనిషి ఆ అంచుల మీద ఊళ్లకు ఊళ్లే చదువుతున్నాడు.

వేలు గనిగడ్డ మొదటి ముక్క మీదికి వచ్చింది. సుంకమ్మ ముక్క. వేలు తిన్నగా పోయింది, మూల తిరిగింది, తిన్నగా పోయింది. నాలుగు వైపులా ఒక చుట్టు చుట్టి వచ్చింది.

"మౌలాలి," అన్నాడు తాత. "యా అల్లా, మా మౌలాలిని చల్లగా చూడు."

శిష్యుడి మీద తాతకున్న ప్రేమకు అందరూ సంతోషించారు. పక్కనున్నవాడు మౌలాలి వీపు తట్టాడు. ఒక్క క్షణం అతనికీ ఒళ్లు పులకరించిన మాట నిజం.

వేలు తరవాతి ముక్కకు పోయింది.

"మౌలాలి. వాణ్ని చల్లగా చూడు."

తరవాతి ముక్క.

"మౌలాలి."

తాత గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఈరన్న కోసం ఎంత శ్రద్ధగా అడిగాడో అంతే శ్రద్ధగా, ప్రతి ముక్కకూ ఆగి, మౌలాలి కోసం అడుగుతున్నాడు. ఊరు మారింది. మౌలాలి. ఇంకో ఊరు. మౌలాలి. జనంలో నవ్వులు పోయాయి. దోసిలి పట్టి కూర్చున్న ఒకామె తన ఊరి వంతు దాటిపోయిందా, ఇంకా రాలేదా అని పక్కామెను మెల్లగా అడిగింది. ఆమె ఇచ్చిన గుడ్డ మౌలాలికి గుర్తుంది, దిండు గలీబు. ఏ ముక్కో గుర్తు లేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తన పేరు విన్నకొద్దీ అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తాతా, ఆపు," అన్నాడు.

వేలు ఆగింది. "ఏం నాయనా?"

"గనిగడ్డ మొదటిది... అది సుంకమ్మది. ఆమె కూతురికి కాన్పు. పుట్టే బిడ్డ నిలవాలని ఇచ్చింది. నేను కోసినా తాతా. అన్నీ నేనే కోసినా."

తాత ఆ ముక్కను వెతుక్కుని మళ్లీ తడిమాడు. ఎంతో ఇష్టంగా, ఎవరైనా దొరుకుతారేమోనని చూసినట్టు, చుట్టూ ఇంకోసారి తడిమాడు.

"సుంకమ్మ యాడుంది నాయనా ఇందులో?" అన్నాడు. "ఇక్కణ్ణుంచి కొస దాకా నువ్వే ఉండావు గదరా."

మౌలాలి చాదరు కొసను తన ఒళ్లోకి లాక్కుని, మెడలోని ఒరలోంచి కత్తెర తీసి, గనిగడ్డ ముక్కల దాకా తను వేసిన కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టాడు. దారాలు తెంపడానికి అది చక్కగా పనికొచ్చింది.

ముజావరు లబోదిబోమన్నాడు. రేపు గంధం, జనమంతా వస్తారు, చాదరు లేకుండా ఎట్లా, ఇన్నేళ్లలో ఇట్లాంటిది ఎరగమన్నాడు. ఉన్నదాన్ని కప్పేసి, తప్పేదో వచ్చే ఏడు దిద్దుకోమన్నాడు.

"పీరయ్య యాడికీ పోడులే అప్పా," అన్నాడు తాత. "పండుకోనే ఉంటాడు. నేనూ ఈడ్నే ఉంటా."

మర్నాడు గుట్ట మీద గంధం ఎక్కుతున్న వేళకు మౌలాలి ముక్కల మూట భుజాన వేసుకుని వచ్చిన దారినే వెనక్కి పోతున్నాడు. ఎదురు వస్తున్న జనమంతా గుట్ట ఇటుంటే అటు పోతావేమని అడిగారు. అతను అందరికీ ఒకటే చెప్పాడు, పని మిగిలిపోయిందని. ఏ ముక్క ఎవరిదో అతనికి తెలియదు. ఇళ్ల ముందు మూట విప్పితే ఎవరి గుడ్డ వాళ్లు గుర్తుపడతారన్నది ఒక్కటే ధైర్యం. మొదటిది మాత్రం ఎవరిదో తెలుసు. అది చొక్కా జేబులో విడిగా ఉంది. దారిలోని ఊళ్లన్నీ దాటేసి ముందు అక్కడికే పోయాడు.

సుంకమ్మ వాకిట్లో కట్టెలు పేరుస్తోంది. కూతురు మంచం మీద పడుకుని ఉంది, నొప్పులు ఇంకా రాలేదు. మౌలాలిని చూసి సుంకమ్మ ముఖం విప్పారింది. అప్పుడే గంధమయిందా, తాత ఏమన్నాడు, పీరయ్యకు చెప్పినాడా అని అడిగింది.

మౌలాలి నిలబడే చెప్పాడు.

"నీ గుడ్డ తాత చేతికి పోలేదవ్వా. నాది పోయింది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను జేబులోంచి ముక్క తీసి, వంగి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాని అంచుల వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. ముఖం మాడిపోయింది. మంచం మీద కూతురి వైపు ఒకసారి చూసి, తిట్టడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. తిట్టి ఉంటే మౌలాలికి ఎంతో తేలికయ్యేది.

అతను మెడలోని కత్తెర తీయలేదు. ఆమె ఎట్లా కోస్తుందో చూస్తూ నిలబడ్డాడు.

సుంకమ్మ చూరులోంచి కొడవలి లాగింది. నేల మీద చతికిలబడి, పిడిని పాదం కింద తొక్కిపట్టి, ముక్కను రెండు చేతులతో బిగించి పట్టుకుని కొడవలి అంచు మీద పెట్టి లాగింది. కొంత తెగింది. పట్టు జారింది. మళ్లీ పట్టుకుంది. ఆ బిగుసుకుపోయిన వేళ్లకు ఎంత నొప్పి పుట్టిందో గాని ఆపలేదు, పెదవులు మాత్రం కూతురి పేరు చెప్పుకుంటూనే ఉన్నాయి. మౌలాలి చేతులు సాయానికి వెళ్లబోయాయి, వాటిని వెనక్కి కట్టుకున్నాడు. నాలుగు పక్కలూ అయ్యేసరికి ఎండ వాకిలి దాటింది.

ముక్క అతని చేతికిచ్చి, కూతురికి గంజి పొయ్యాలని ఆమె లోపలికి పోయింది.

మౌలాలి అరుగు మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, చూపుడువేలు అంచు మీద పెట్టి మెల్లగా నడిపాడు. మొదట ఏమీ తెలియలేదు, చిరిగిన గుడ్డ అంతే. మళ్లీ మొదటి నుంచి నడిపాడు. ఒకచోట కోత లోతుగా దిగి ఆగిపోయింది, కొంచెం పక్కకు జరిగి మళ్లీ మొదలైంది. అక్కడ వేలిని అట్లాగే ఉంచాడు.

"సుంకమ్మ," అన్నాడు మెల్లగా.

"ఆఁ, వస్తాండా నాయనా," అంది ఆమె లోపలినుంచి.